నడుము ఆపరేషన్‌కు ముందు డాక్టరు రాసిచ్చిన అంచనా, తర్వాత ఏడాదిలో నాకు జరిగింది

నాకు నడుము ఆపరేషన్ అయి ఏడాది దాటింది. 2024 అక్టోబరు 17, గురువారం, హైదరాబాదులో. నడుములో నాలుగో, అయిదో పూసల (ఎల్4–ఎల్5) దగ్గర నరాలు దిగే దారి ఇరుకైపోతే, వెనకవైపు ఎముక కొంత చెక్కి, మందంగా పెరిగిన పొరను తీసేసి నరాలకు చోటు చేశారు. ఈ అక్టోబరులో ఏడాది చెకప్ కూడా అయిపోయింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పేవాళ్ళు చాలామంది దొరికారు. "నాకు ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు, ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగితే మాత్రం "అంతా బాగైపోతుందమ్మా" అనేవాళ్ళు కొందరు, "వెన్నుపూస ఆపరేషనా, మంచాన పడతావు" అనేవాళ్ళు కొందరు. విడివిడిగా, ఒక్కో బాధకూ ఒక్కో జవాబు చెప్పింది చివరికి ఒక్క డాక్టరు గారే. అది చెప్పించుకోవడానికి నాకు పట్టిన కాలం, అందులో నిజమైనవి, కానివి, ఇవే ఇక్కడ రాస్తున్నది.

మాది రాజమండ్రి. హైస్కూల్లో తెలుగు చెప్పాను. 2024 ఏప్రిల్ నెలాఖరున రిటైరయ్యాను. కాలి బాధ మొదలైంది 2021 చలికాలంలో. బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా లాగేసేది, మంట పుట్టేది. కూర్చుంటే రెండు నిమిషాల్లో మాయం. అందుకే చాలాకాలం ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కూర్చున్న మనిషిని చూస్తే ఏ జబ్బూ ఉన్నట్టు ఉండదు కదా.

సాయంత్రం గోదావరి గట్టు మీద నడిచే అలవాటు నాకు. ఆగకుండా ఎన్ని కరెంటు స్తంభాలు దాటగలిగాను అన్నదే నా కొలత. మొదట్లో లెక్కపెట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. 2023 దసరా నాటికి పది, పన్నెండు. రిటైరయ్యేనాటికి రెండో స్తంభం దగ్గరే ఆగిపోయి, ముందుకు వంగి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకునేదాన్ని. కూరలు కొనేటప్పుడు తోపుడు బండి అంచు పట్టుకుని వంగి నిలబడితే ఎంతసేపైనా హాయిగా ఉండేది. వంగినప్పుడు నరాలదారి కాస్త తెరుచుకుంటుందని, నిటారుగా నిలబడితే ముడుచుకుంటుందని తర్వాత తెలిసింది. ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక కాలికి మట్టి చల్లగా తగిలితే కాదు, వెనక ఎవరో "అమ్మా, మీ చెప్పు" అని పిలిస్తే తెలిసేది.

నూనె మర్దనాలు, బీ12 ఇంజక్షన్లు, ఫిజియో అన్నీ అయ్యాయి. 2024 ఫిబ్రవరిలో వెన్నులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ కూడా ఇచ్చారు. ఓ నెలన్నర బాగుంది, మళ్ళీ మామూలే. రక్తనాళాల అడ్డంకేమో అని కాళ్ళకు డాప్లర్ తీశారు, అది బాగానే ఉంది. జూన్‌లో ఎమ్మారై తీయించాం, ఏడువేలు అయింది.

ఆ రిపోర్టు చూపిస్తే మొదట కలిసిన సర్జన్, స్క్రూలు రాడ్లు వేసి పూసలు బిగించాలి అన్నారు. నాలుగున్నర లక్షల అంచనా చేతిలో పెట్టారు. "నా నడక ఎంత బాగవుతుందండీ?" అని అడిగాను. "ఎమ్మారైలో ఇంత ఇరుకు ఉన్నప్పుడు ఆపరేషన్ చేస్తే తగ్గకుండా ఎక్కడికి పోతుంది" అన్నారు. ఇంటికొచ్చి ఆ రాత్రంతా నిద్రపోలేదు. భయం ఆపరేషన్ గురించి కాదు. అంత డబ్బు పెట్టి, అంత కోత పడి, మళ్ళీ రెండో స్తంభం దగ్గరే ఆగిపోతే ఏం చేయాలన్నది నా భయం.

మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో ఉంటారు. జూలైలో అక్కడ ఇంకో సర్జన్ అపాయింట్‌మెంట్ దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ కన్సల్టేషన్ నేను అనుకున్నట్టు జరగలేదు. ఎమ్మారై ఫిల్మ్ తీసే ముందు నన్ను వరండాలో నడిపించారు. ఒక జూనియర్ డాక్టరు వాచీ పట్టుకుని పక్కనే వచ్చాడు. ఎక్కడ లాగడం మొదలైంది, ఎక్కడ ఇక నడవలేనన్నాను, కూర్చున్నాక ఎంతసేపటికి తగ్గింది, అన్నీ రాసుకున్నాడు. పాదాల దగ్గర నాడి చూశారు. బొటనవేలు పైకి ఎత్తమని, తన వేలితో కిందికి నొక్కారు. కుడివైపు గట్టిగా నిలబెట్టాను, ఎడమది కాసేపటికే ఒరిగిపోయింది. ఆ తేడా అంతవరకు నాకే తెలియదు. ముందుకు వంగినప్పుడు ఒకటి, వెనక్కి వాలినప్పుడు ఒకటి ఎక్స్‌రేలు తీశారు, పూస జారుతోందేమో చూడ్డానికి. జారడం లేదు.

తర్వాత ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఓస్వెస్ట్రీ అంటారట. ఇంగ్లండులో ఆ పేరుగల ఊరి దగ్గరి ఎముకల ఆసుపత్రిలో తయారై 1980లో అచ్చయింది. పది అంశాలు: నొప్పి ఎంత, స్నానం బట్టలు మీరే చూసుకోగలరా, బరువు ఎత్తగలరా, ఎంత దూరం నడవగలరు, ఎంతసేపు కూర్చోగలరు, నిలబడగలరు, నిద్ర, ప్రయాణం, నలుగురిలోకి వెళ్ళడం ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు. దాంపత్యం గురించి ఒక ప్రశ్న ఉంటే ఆ అబ్బాయి కళ్ళు దించుకుని "అది వదిలేయొచ్చు మేడమ్, 45కి లెక్క కడతాం" అన్నాడు. నాకు 26 వచ్చాయి, అంటే 58 శాతం. ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే బాధ ఎక్కువని అర్థం. ఆపరేషన్ తర్వాత ఈ మార్కుల్లో కనీసం మూడో వంతు తగ్గితేనే మనిషికి నిజంగా తేడా తెలిసినట్టు అని చెప్పారు.

ఇంకో కాగితంలో తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా ఉందా, నిద్ర పడుతోందా, మీ మీద మీకే విసుగు వస్తోందా అని. నడుము డాక్టరు దగ్గర ఈ ప్రశ్నలెందుకో అర్థం కాలేదు. రాస్తూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. రిటైరయ్యాక స్నేహితురాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం మానేశాను. నడుస్తూ మధ్యలో ఆగిపోతే వాళ్ళు జాలిపడతారని. గుడికి మానేశాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి అలా పడుకుని ఉండేదాన్ని. అవన్నీ ఆ గడుల్లో టిక్కులుగా పెడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 27కి 13 వచ్చింది, ఇక్కడా ఎక్కువొస్తే దిగులు ఎక్కువని అర్థం.

అప్పుడు డాక్టరు గారు ఎమ్మారై లైటు మీద పెట్టారు. నరాల చుట్టూ తెల్లగా కనపడాల్సిన ద్రవం నాకు ఆ పూసల మెట్టు దగ్గర అసలు లేదు. ఇరుకు పెరిగేకొద్దీ ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రేడ్లు ఉంటాయట, నాది సీ. "దీన్నిబట్టి ఆపరేషన్ లేకుండా తగ్గడం కష్టమని చెప్పగలను. ఆపరేషన్ తర్వాత మీరు ఎలా ఉంటారో చెప్పడానికి మాత్రం ఈ బొమ్మ చాలదు. ఇంతకన్నా ఇరుకున్నవాళ్ళు హాయిగా నడుస్తుంటారు, ఇంతకన్నా వెడల్పున్నవాళ్ళు మంచం దిగలేకపోతారు" అన్నారు. మరి ఎలా చెప్తారని మా అమ్మాయి అడిగింది. ఆయన వేళ్ళు మడిచి లెక్క చెప్పారు. కాలినొప్పి ఎక్కువా, నడుం నొప్పి ఎక్కువా. బాధ మొదలై ఎన్నాళ్ళయింది. ఇప్పుడు ఎంత నడవగలుగుతున్నారు. షుగరు, గుండె జబ్బు, పొగతాగడం ఉన్నాయా. నడకను ఆపే జబ్బు ఇంకేమైనా ఉందా, మోకాళ్ళలాంటిది. మనసు ఎలా ఉంది. తన ఆరోగ్యం గురించి మనిషి తాను ఏమనుకుంటున్నాడు.

వీటిలో కొన్ని నాకు అనుకూలం. నాకు కాలినొప్పే ఎక్కువ, ఆపరేషన్ బాగా పనిచేసేది దానిమీదే. బాగా ఇరుకైపోయినవాళ్ళకే తేడా ఎక్కువ తెలుస్తుందట, అదీ నాకు కలిసొచ్చేదే. కొన్ని వ్యతిరేకం. బాధ మొదలై రెండున్నరేళ్ళు దాటింది. ఏడాదిలోపు వచ్చినవాళ్ళు అంతకన్నా బాగా కోలుకున్నారని అమెరికాలో 13 ఆసుపత్రులు కలిసి చేసిన స్పోర్ట్ అనే పెద్ద అధ్యయనంలో తేలిందట. షుగరు ఉంది. మోకాళ్ళు కొంత అరిగాయి. మనసు బాగాలేదు. దిగులుతో ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్ళు నొప్పిలోనూ నడకలోనూ వెనకబడతారని ఫిన్లాండు వాళ్ళు రోగులను ఏళ్ళ తరబడి గమనించి చెప్పారని అన్నారు. "మీ వయసు మార్చలేను, గడిచిన రెండున్నరేళ్ళు వెనక్కి తేలేను. షుగరు, మనసు, ఈ రెండూ మన చేతిలో ఉన్నాయి. ముందు అవి చూద్దాం."

స్క్రూల సంగతి మా ఆయన అడిగారు. 2016లో అచ్చయిన అధ్యయనంలో స్వీడన్ డాక్టర్లు 247 మందిని తీసుకుని, సగం మందికి ఎముక తీసి వదిలేశారని, సగం మందికి పూసలు బిగించారని, రెండేళ్ళ తర్వాత ఇదే ఓస్వెస్ట్రీ మార్కులు చూస్తే తేడా ఏమీ రాలేదని చెప్పారు. అదే సంవత్సరం అచ్చయిన, అమెరికాలో పూస జారిన 66 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో బిగించినవాళ్ళకు కొద్దిగా లాభం కనిపించిందట. "మీకు పూస జారలేదు కాబట్టి నేను బిగించను." అంచనా రెండు లక్షల ఇరవై వేలకు దిగింది.

స్వీడన్‌లో స్వీస్పైన్ అని దేశమంతటి వెన్ను ఆపరేషన్ల రిజిస్టరు ఉందని, రోగి వివరాలు పెడితే తృప్తిగా కోలుకునే అవకాశం ఎంత శాతమో చూపించే సాధనం దాని మీద కట్టారని మా అల్లుడు ఎక్కడో చదివి వచ్చాడు, మాకూ అలా ఒక అంకె చెప్పమన్నాడు. "అది వాళ్ళ రోగుల మీద కట్టిన లెక్క. మీ అత్తగారికి అచ్చంగా అతికించలేను. పైగా ఒక్క అంకె చెప్తే మీరు దేన్ని గురించి అనుకుంటారు? కాలినొప్పా, తిమ్మిరా, నడుమా?" అని, ప్రిస్క్రిప్షన్ వెనక తెలుగులోనే రాశారు. ఎడమ కాలి లాగుడు, మంట: మొదటి వారాల్లోనే చాలావరకు పోతుంది, పదిమందిలో ఏడెనిమిది మందికి పోతుంది. నడక: మూడు నెలలకు అరగంట. తిమ్మిరి, బొటనవేలి బలం: చాలా నెమ్మది, ఏడాది చూడాలి, కొంత మిగిలిపోవచ్చు. నడుం నొప్పి: దీనికోసం ఆపరేషన్ చేయడం లేదు.

ఆ చివరి వాక్యం నేను చాలాసార్లు చదువుకున్నాను. ఆపరేషన్ అయితే నడుం నొప్పి పోతుందనే అందరం అనుకుంటాం. ఆయన ముందే చెప్పకపోతే తర్వాత ప్రతి నడుం నొప్పికీ ఆపరేషన్ విఫలమైందని ఏడ్చేదాన్ని.

నా షుగరు పరీక్ష హెచ్‌బీఏ1సీ 8.9 ఉంది. 7.5 లోపుకు వస్తేనే ఆపరేషన్ అన్నారు, లేకపోతే గాయం చీము పట్టే ప్రమాదం ఎక్కువట. అది మూడు నెలల సగటు కాబట్టి తొందరపడి తగ్గించుకునేదేమీ ఉండదు. ఆ మూడు నెలలు గడవడం మహా కష్టమైంది. మందు మార్చారు, రాత్రి అన్నం మానేశాను. నడక చేతకాదు కాబట్టి కదలని సైకిలు తొక్కమన్నారు. వంగి తొక్కుతాం కాబట్టి దానిమీద కాలు లాగలేదు, ఇరవై నిమిషాలు తొక్కగలిగాను. అన్నాళ్ళ తర్వాత చెమట పట్టేలా ఒక పని చేశానన్న సంతోషం అంతా ఇంతా కాదు.

మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నప్పుడు ఇంట్లో గొడవైంది. మా ఆయనకు నచ్చలేదు. "నీకేం పిచ్చా? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అన్నారు. మా అమ్మాయి గట్టిగా నిలబడింది. "అమ్మ షుగరుకు మందు వేసుకుంటే ఎవరేమనుకుంటున్నారు నాన్నా?" అని. నరాల నొప్పికీ దిగులుకీ రెండింటికీ పనికొచ్చే మాత్ర ఒకటి రాశారు, నెలకు రెండుసార్లు కౌన్సెలింగ్, ఒక్కోసారికి వెయ్యి రూపాయలు. సెప్టెంబరు నాటికి తెల్లవారుజామున మెలకువ రావడం తగ్గింది. అక్టోబరు మొదటి వారంలో హెచ్‌బీఏ1సీ 7.2. దసరా వెళ్ళిన గురువారం తేదీ ఇచ్చారు.

ఇన్సూరెన్స్ గురించి చెప్పాలి, ఎందుకంటే డబ్బు అక్కడే జారిపోతుంది. మా పాలసీ తీసుకుని నాలుగేళ్ళయింది కాబట్టి వెన్ను జబ్బులకు పెట్టే రెండేళ్ళ నిరీక్షణ గడిచిపోయింది. అయినా ముందస్తు అనుమతి అడిగితే, బాధ ఎప్పుడు మొదలైందో చూపే మొదటి ప్రిస్క్రిప్షన్ కావాలని కొర్రీ వేశారు. 2021 నాటి చీటీ అట్టపెట్టెలో దొరికింది కాబట్టి సరిపోయింది. పాత చీటీలు పారేయకండి. రెండోది, మా పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది. దాన్ని మించిన గది తీసుకుంటే ఎక్కువైన అద్దె ఒక్కటే మనం కట్టుకుంటే సరిపోదు, సర్జన్ ఫీజు దగ్గర్నుంచి చాలా పద్దులకు అదే నిష్పత్తిలో కోత పడుతుంది. అడ్మిషన్ కౌంటర్లో అమ్మాయి ఈ మాట చెప్పి పుణ్యం కట్టుకుంది, ఇద్దరుండే గదిలోనే చేరాను. గ్లౌజులు, డ్రేపులు లాంటి వాటికి ఎలాగూ ఇవ్వరు. మా చేతి నుంచి ముప్పైవేల పైచిలుకు పడింది.

ఆపరేషన్ రోజు ఉదయం ఏడున్నరకు తీసుకెళ్ళారు. మత్తు డాక్టరు గారు నా పేరు అడుగుతూ ఉండగానే నిద్రలోకి జారుకున్నాను. రెండు గంటలు పట్టిందట. మెలకువ వచ్చేసరికి గొంతు ఎండిపోయింది, పిక్కలకు కట్టిన గాలి పట్టీలు బిగుస్తూ వదులవుతూ ఉన్నాయి, పక్కన డ్రెయిన్ సీసాలో కాస్త రక్తం. వెన్ను మీద బరువుగా నొప్పి. ఎడమ పిక్కలో మాత్రం ఏమీ లేదు. మూడేళ్ళుగా ఉన్న మంట లేదు. ఉందేమో అని వెతుక్కున్నాను, కాలు మెల్లగా కదిపి చూసుకున్నాను. లేదు. నర్సమ్మ "నొప్పా అమ్మా, ఏడుస్తున్నారు?" అంటే జవాబు చెప్పలేకపోయాను.

మర్నాడు ఉదయం యూరిన్ పైపు తీసి నిలబెట్టారు. లేచే పద్ధతి ముందే నేర్పారు. దుంగలా ఒక్కసారిగా పక్కకు దొర్లాలి, కాళ్ళు మంచం దించుతూ మోచేతి మీద లేవాలి, నడుము మెలిపెట్టకూడదు. లేచాక కళ్ళు తిరిగాయి. రెండోసారి గది తలుపు దాకా నడిచాను. ఎవరూ ముందు చెప్పని ఇబ్బంది మలబద్ధకం. నొప్పి మాత్రల వల్ల నాలుగో రోజు దాకా కదలిక లేదు, ముక్కితే వెన్ను చీలినట్టుండేది. మొదటి రోజునుంచే దానికి మందు అడిగి పుచ్చుకోండి. ఆదివారం డిశ్చార్జి. బిల్లుకు ఇన్సూరెన్స్ ఆఖరి అనుమతి వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. అంతసేపూ కూర్చోలేక, ఖాళీ చేసిన మంచం మీదే మళ్ళీ పడుకున్నాను.

మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో మొదటి రెండు వారాలు బాగా గడిచాయి. అక్టోబరు నెలాఖరున, దీపావళికి ముందు, పిన్నులు తీశారు. ఇంట్లోనే అటూ ఇటూ గంటకోసారి అయిదు నిమిషాలు నడిచేదాన్ని. కాలు లాగలేదు. ఫోన్ చేసినవాళ్ళందరికీ బాగైపోయిందని చెప్పేశాను.

కార్తీక మాసం మొదటి వారంలో ఒక రాత్రి పిక్కలో అదే మంట మళ్ళీ వచ్చింది. అదే చోట, అదే దారిలో. ఆ రాత్రి నేను పడ్డ బాధ ఆపరేషన్ ముందు కూడా పడలేదు. అంతా వృథా అయిందనే అనుకున్నాను. మా అమ్మాయిని లేపలేదు, చీకట్లో పడుకుని పొద్దున దాకా ఏడ్చాను. ఉదయం ఫోన్ చేస్తే డాక్టరు గారు ముందు వరసగా ప్రశ్నలు అడిగారు. మూత్రం, విరేచనం అదుపులో ఉన్నాయా? జ్వరం ఉందా? గాయంలోంచి నీరు కారుతోందా? పాదం వేలాడిపోతోందా? ఏదీ లేదు. అయితే భయం లేదన్నారు. ఏళ్ళ తరబడి నలిగిన నరానికి చోటు దొరికాక అది వాచి, కొన్నాళ్ళు రేగుతుందట, చాలామందికి జరిగేదేనట. మాత్ర మోతాదు పెంచారు. రెండు వారాల్లో సద్దుమణిగింది. ఇది కాగితం మీద రాసి ఉంటే ఆ రాత్రి నాకు తప్పేదని ఆయనతోనే అన్నాను. ఇప్పుడు అందరికీ ముందే చెప్తున్నానన్నారు ఈమధ్య కలిసినప్పుడు.

నవంబరు ఆఖర్లో ఆరు వారాల చెకప్ అయ్యాక రాజమండ్రి వెళ్ళమన్నారు. గౌతమిలో కింద బెర్తు తీసుకుని, మధ్య మధ్య లేచి నిలబడుతూ వెళ్ళాను. ఇల్లు ఆపరేషన్ మనిషికి తగినట్టు లేదని ఇంటికి వెళ్ళాకే తెలిసింది. మాది నేల మీద కూర్చునే బాత్రూమ్, కమోడ్ కుర్చీ రెండువేల అయిదువందలు పెట్టి తెచ్చాం. దేవుడి దగ్గర పీట మీద కూర్చునేదాన్ని, ఇప్పుడు నిలబడి దీపం పెడుతున్నాను. కత్తిపీట ముందు కూర్చోకూడదు కాబట్టి కూరలు తరగడం మా ఆయన నేర్చుకున్నారు. మొదట్లో బెండకాయలు ఒక్కోటి ఒక్కో సైజు. మనసు డాక్టరు దగ్గరికి వద్దన్న మనిషే, రోజూ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళారు, మాత్రల టైము ఆయనే చూసుకున్నారు. ఇంట్లో ఇలా నిలబడేవాళ్ళుంటే కోలుకోవడం వేరుగా ఉంటుంది, ఏ ప్రశ్నల కాగితంలోనూ దానికి గడి లేదు.

సంక్రాంతి వెళ్ళాక మూడు నెలల చెకప్. ఓస్వెస్ట్రీలో 11 మార్కులు, 24 శాతం. డాక్టరు గారు సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను. మూడు నెలలకు అరగంట నడుస్తానని రాశారు, పన్నెండు పదమూడు నిమిషాలకే ఆగిపోతున్నాను. ఈసారి నన్ను ఆపింది పిక్క కాదు, కుడి మోకాలు. కాలి మంట ముందు అన్నాళ్ళూ మోకాలి నొప్పి నాకు తెలియనే లేదు, మంట పోయాక అది పైకి తేలింది. ఆయన నా పాత కాగితం తీసి, "నడక దగ్గర మీ మోకాళ్ళకు నేను తక్కువ లెక్క వేశాను" అన్నారు. తొడ కండరాల వ్యాయామాలు రాశారు. ఇంటికి వచ్చే ఫిజియో అమ్మాయికి ఒక్కోసారికి ఆరువందలు, వారానికి మూడుసార్లు, రెండు నెలలు. "ఆంటీ, ఇంకో పది" అని ఆ పిల్ల అనకపోతే సగంలో మానేసేదాన్ని. ఏప్రిల్ నాటికి, అంటే ఆరు నెలలకు, ఆగకుండా అరగంట నడిచాను.

తిమ్మిరి విషయంలో ఆయన రాసింది రాసినట్టే జరిగింది. మొదటి నాలుగు నెలలు ఇసుమంతైనా మార్పు లేదు. వేసవిలో పాదం పైభాగం కొద్దికొద్దిగా మేలుకుంది, చీమలు పాకినట్టు, ఒక్కోసారి సూదులు గుచ్చినట్టు. అది నరం తిరిగి పనిచేస్తున్న గుర్తే అన్నారు. ఎడమ బొటనవేలు, పక్కవేలు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. వేలిని పైకెత్తే బలం వచ్చింది, స్పర్శ రాలేదు. షుగరు కూడా ఉంది కాబట్టి రాత్రిళ్ళు పాదాలు అద్దంలో చూసుకుంటాను, వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటాను. నడుం నొప్పి మాత్రం ఆశ పెట్టుకోవద్దన్న దానికన్నా బాగానే ఉంది, బట్టలు ఉతికిన రోజున, చాలాసేపు బస్సులో కూర్చున్నప్పుడు వస్తుంది, పడుకుంటే పోతుంది.

ఈ అక్టోబరులో మార్కులు 8, అంటే 18 శాతం. తొమ్మిది ప్రశ్నల కాగితంలో 4. మనసు మాత్ర నెమ్మదిగా తగ్గిస్తున్నారు. ఇది ఇలాగే నిలుస్తుందా అని అడిగాను. స్పోర్ట్ అధ్యయనంలో ఇరుకు దారికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను ఎనిమిదేళ్ళు చూస్తే నూటికి 18 మందికి మళ్ళీ ఆపరేషన్ అవసరమైందని చెప్పారు. నాకు పై మెట్టు, ఎల్3–ఎల్4, ఇప్పటికే కొంత సన్నగా ఉందట. అది పెరుగుతుందో లేదో ఇప్పుడు చెప్పలేనన్నారు. రెండేళ్ళు నిండాక ఒకసారి రమ్మన్నారు. ఈలోగా నడిచే దూరం తగ్గుతూ వస్తే, కూర్చుంటే పోయే లాగుడు కాల్లో మళ్ళీ మొదలైతే అప్పుడు ఎమ్మారై తీయిస్తామని, ఊరికే మనశ్శాంతి కోసమని తీయించుకోవద్దని చెప్పి పంపారు.